హాజరుపట్టీలో మా అన్న

పోయిన నెల రేణిగుంట దగ్గర ఒక బడిలో నాకు సన్మానం చేశారు. ఎందుకు చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. వేదిక వెనక కట్టిన బ్యానరు మీద 'వలస కుటుంబాల పిల్లలు, మానుసిక ఆరోగ్యం' అని అచ్చు వేయించారు. మానసికానికి ఎవరో ఒక కొమ్ము ఎక్కువ తగిలించారు. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి నా కన్ను ముందు దాని మీదే పడింది. దాని కింద నా ఫోటో, 'ప్రముఖ రచయిత్రి' అన్న మాట. శాలువా కప్పినప్పుడు ఫోటో సరిగ్గా రాలేదని, విప్పించి మళ్ళీ కప్పారు. తిరుపతి నుంచి వచ్చిన నిపుణుడొకాయన మైకు పట్టుకుని, "పిల్లలూ, నవ్వితే సగం జబ్బులు పోతాయి, అందరూ చేతులెత్తి గట్టిగా నవ్వండి" అన్నాడు. పిల్లలందరూ చేతులెత్తి నవ్వారు, ముందు వరసలో టీచర్లూ నవ్వారు. ఎవరి పేరు మీద సభ జరుగుతోందో ఆ పిల్లలు, గోడౌన్లలో మూటలు మోసే ఒరిస్సావాళ్ళ పిల్లలూ, ఫ్యాక్టరీల్లో పనిచేసే బీహారువాళ్ళ పిల్లలూ, అన్నిటికన్నా వెనక నేల మీద కూర్చుని, ఎందుకు నవ్వాలో తెలియక ముందువాళ్ళ వీపులు చూస్తున్నారు. నేను లేచి మాతృభాష తియ్యదనం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు బాగానే కొట్టారు.

తరువాత హెడ్మాస్టరు గదిలో టీ, బిస్కెట్లు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మాకాడ పరాయి రాష్ట్రం పిల్లోళ్ళు శానామంది ఉండారు మేడం. మనోళ్ళ మాదిరే చూసుకుంటాం. ఆ తొమ్మిదో తరగతి ఒరిస్సా పిల్లతోనే తలనొప్పి. పేరు పిలిస్తే పలకదు. నాలుగు నెలలైంది నోరు తెరిచి. పొగరు మేడం, పొగరు" అన్నాడు. పక్కనున్న టీచరమ్మ, "పొగరు కాదు సార్, బుద్ధి తక్కువేమో" అని సర్దిచెప్పింది. అంతకన్నా ఉదారంగా ఆలోచించడం ఆమెకు చేతకాలేదు. నిపుణుడు సంచిలోంచి ఒక ఫారం తీసి, ఆ పిల్ల కోసం నింపమని బల్ల మీద పెట్టాడు. ఇంట్లో గొడవలున్నాయా, తండ్రి తాగుతాడా, ఫోను ఎంతసేపు చూస్తుంది, రాత్రి నిద్ర పడుతుందా అని రెండు పేజీల ప్రశ్నలు. బడిలో నిన్ను ఏమని పిలుస్తారు అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు. నేను అది అడిగాను. హెడ్మాస్టరు నవ్వి, "సద్ది అంటారు మేడం, సరదాకి. క్యారియర్‌లో రోజూ నీళ్ళన్నం తెచ్చుకుంటాది గదా" అన్నాడు. తాతల నాటి నుంచీ సద్దికూడు తాగి పొలాలకు పోయిన జనం పిల్లలు, ఒరిస్సా పిల్ల గిన్నెలో అదే కూడు కనబడితే ముక్కు మూసుకుంటున్నారు. ఆ పిల్ల వరండాలో నిలబడి ఉంది. తల వంచుకుని స్తంభం సున్నాన్ని గోటితో గీకుతోంది. ఆ నిలబడే తీరు నాకు తెలుసు. మా అన్న మునిరత్నం అలాగే నిలబడేవాడు. అతని గురించీ అక్కడివాళ్ళు ముందు అన్న మాట పొగరనే.

మేము సిలోన్ నుంచి వచ్చాం. మా తాత వడమాలపేట వైపు నుంచి టీ తోటల కూలీగా పోయినవాడు. మా నాయన అక్కడే పుట్టి, అక్కడే తోటలో పనిచేసే తమిళావిడను పెళ్ళిచేసుకున్నాడు. మేమిద్దరం, మునిరత్నం, వళ్ళి అనే నేను, అక్కడే పుట్టాం. ఒకరోజు రెండు ప్రభుత్వాలు కూడి, మీది ఈ దేశం కాదు, మీ దేశానికి పొండి అన్నాయి. ఓడెక్కించి పంపితే, ఇక్కడి సర్కారు రేణిగుంట దగ్గర ఒక నూలు మిల్లులో నాయనకు పనీ, వరసగా కట్టిన రేకుల ఇళ్ళలో ఒక ఇల్లూ ఇచ్చింది. కాగితాల్లో మమ్మల్ని స్వదేశానికి తిరిగి వచ్చినవాళ్ళు అని రాశారు. చూడని దేశానికి తిరిగి ఎలా వస్తారని ఆ రాసినవాడికి అనుమానం రాలేదు. నాకప్పుడు పన్నెండు నిండాయి, అన్నకు పద్నాలుగు.

ఆ ఇంట్లో పొద్దున లేస్తే టీ పొడి మరిగే వాసన. అమ్మ పాలు లేని టీ కాచి, గ్లాసుతోపాటు అరచేతిలో ఒక బెల్లం ముక్క పెట్టేది. బెల్లం కొరుక్కుంటూ టీ తాగడం తోటల్లో అందరికీ అలవాటు. ఇక్కడ వీధిలోవాళ్ళు తొంగిచూసి, "పాలు గూడా పోసుకోరు పాపం" అని జాలిపడేవాళ్ళు. జాలిపడి ఊరుకోకుండా నలుగురికీ చెప్పేవాళ్ళు. నాయన షిఫ్టు దిగి వస్తే కనుబొమల మీదా చెవుల వెంట్రుకల మీదా దూది పింజలు. మా అవ్వ, అంటే నాయనమ్మ, ఆయన్ని గడప మీద కూర్చోబెట్టి కోతిపిల్లకు పేలు ఏరినట్టు ఆ పింజలు ఏరేది. అవ్వది తెలుగు, అమ్మది తమిళం. నేను అవ్వ పక్కలో పడుకునేదాన్ని కాబట్టి నాకు తెలుగు వచ్చింది. అన్న అమ్మ కొడుకు. తోట బడిలో మొదటివాడు. తమిళ పద్యాలు కళ్ళు మూసుకుని అప్పజెప్పేవాడు. రాసిన లెక్క మళ్ళీ చూసుకునే అవసరం లేనివాడు. ఓడలో వస్తున్నంతసేపూ నాకు ఇండియా మ్యాపు నోటితోనే గీసి చూపించాడు.

సిలోన్లో ఉన్నన్నాళ్ళూ అవ్వ నోట మనూరు, మనోళ్ళు తప్ప వేరే మాట వచ్చేది కాదు. వచ్చిన మూడో వారం మమ్మల్నందరినీ తీసుకుని వడమాలపేట దగ్గర వాళ్ళ తమ్ముడి ఇంటికి పోయింది. బయట అరుగు మీద విస్తళ్ళు వేశారు. ఆ ఇంటి కోడలు వడ్డిస్తూ, మా అమ్మను ఎగాదిగా చూసి, "సిలోన్లో మీరు తినేది అన్నమేనా, ఇంకేమన్నానా?" అని అడిగింది. అవ్వ తమ్ముడు మేము లేచి బయలుదేరేదాకా, "ఎప్పుడు పోతారు అక్కా?" అని నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ ప్రేమగానే అడిగాడు. తిరిగి వచ్చే బస్సులో అవ్వ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ తరువాత చనిపోయేదాకా మనోళ్ళు అన్న మాట ఆమె నోట నేను వినలేదు. ఆ ఇంటివాళ్ళు ఈమధ్య నా పుస్తకం చూసి మా చుట్టమే అని చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ.

తెలుగు రాయడం రాదని మా ఇద్దరినీ ఒకే తరగతిలో, ఆరులో వేశారు. మూతి మీద నూగు మీసం వస్తున్న అన్న, పదకొండేళ్ళ పిల్లల మధ్య మోకాళ్ళు బెంచీకి తగులుతూ కూర్చున్నాడు. మొదటిరోజు తెలుగు అయ్యవారు హాజరు తీసుకున్నాడు. ఒక్కొక్కరూ "ప్రెజెంట్ సార్" అంటున్నారు. మునిరత్నం అని పిలవగానే అన్న లేచి, చేతులు కట్టుకుని, తోట బడిలో నేర్పినట్టే స్పష్టంగా, "ఉళ్ళేన్ అయ్యా" అన్నాడు. ఉన్నానయ్యా అని దానర్థం. మా వైపు తమిళం రానివాడు లేడు, తిరుత్తణి సంతలో బేరమాడేంత తమిళం అందరికీ వచ్చు. కానీ అది బడి తమిళం, పిల్లలకు తెలియదు. అయ్యవారికి తెలుసు. ఆయన అత్తగారిది ఆర్కాటు. తెలిసే, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏందిరా, ఏందీ? మళ్ళొకసారి అను" అన్నాడు. అన్న మళ్ళీ అన్నాడు. మళ్ళీ అనిపించాడు. తరువాత నా వైపు తిరిగి, "ఏమ్మే, నువ్వు వాడి చెల్లెలివి గదా, నీకు తెలుగొస్తాది గదా. వాడేమంటా ఉండాడు చెప్పు" అన్నాడు.

తరగతి మొత్తం నా వైపు తిరిగింది. అప్పటిదాకా ఎవరూ నా వైపు అలా ఆశగా చూడలేదు. ఉళ్ళేన్ అంటే చెవికి ఉల్లి లాగే తగులుతుంది. ఉల్లి అంటే ఎర్రగడ్డ అని ముందురోజే వాచకం ముందేసుకుని అవ్వ నాకు చెప్పింది. నేను లేచి నిలబడి, "ఎర్రగడ్డ అంటా ఉండాడు సార్" అన్నాను. బడి కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వారు. అయ్యవారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మధ్యాహ్నం అన్నం వేళ ఇద్దరమ్మాయిలు వచ్చి నన్ను వాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని ఊరగాయ పెట్టారు. ఆ ఊరగాయ నేను తిన్నాను. ఉన్నాను అని చెప్పుకున్న మనిషిని ఎర్రగడ్డను చేసి, దానికి బదులు నేను పుచ్చుకున్నది మామిడికాయ బద్ద.

ఆ రోజు నుంచి బడిలో మునిరత్నం అనేవాడు లేడు. ఎర్రగడ్డ ఉన్నాడు. అతను నడిచి వస్తుంటే కళ్ళు మండుతున్నట్టు పైటచెంగులతో, చొక్కాలతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. హైదరాబాదులో పిచ్చాసుపత్రి ఉన్న పేట పేరు కూడా ఎర్రగడ్డేనని ఎవడో పెద్దతరగతివాడు కనిపెట్టాక, ఆ పేరుకు ఇంకో అంతస్తు లేచింది. "నీ పేరు నీ అడ్రస్సు ఒకటేనంట గదరా" అనేవాళ్ళు. అన్న పదిరోజులు భరించాడు. తరువాత పిలిస్తే పలకడం మానేశాడు. లేచి చేతులు కట్టుకుని నిలబడేవాడు, నోరు తెరిచేవాడు కాదు. "పొగరురా నీకు? తెలుగులో పలికేదాకా నువ్వు రానట్టే లెక్క" అని అయ్యవారు హాజరుపట్టీలో ఆబ్సెంటు వేశాడు. మరుసటిరోజూ వేశాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి రాలేదని ఒక్కరోజూ వదలకుండా రాశాడు. చక్కటి దస్తూరి ఆయనది.

మూడు నెలల తరువాత, మీవాడు బడికి రావడం లేదని నాయనకు కబురు వచ్చింది. నాయన షిఫ్టు దిగి, పింజలు కూడా ఏరించుకోకుండా, "యాడ తిరుగుతా ఉండావురా? మిల్లులో నా మానం తీస్తా ఉండావు" అని బెల్టు తీశాడు. అన్న, "పోతా ఉండా నాయనా, రోజూ పోతా ఉండా" అన్నాడు. "అయ్యవారు అబద్ధం రాస్తాడా?" అని నాయన కొట్టాడు. అబద్ధం రాస్తాడని చెప్పడానికి నేను అక్కడే, చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. అన్న నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేదాన్నని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నేను కూడా తక్కువదాన్నేమీ కాదు.

ఆ తరువాత అన్న తలుపు మూల గోనెపట్టా మీద కూర్చుండిపోయాడు. అన్నం పెడితే తినడు, స్నానం చెయ్యడు, అమ్మ తల దువ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. బడి గంట మా ఇళ్ళదాకా వినపడేది. అది మోగగానే లేచి, చేతులు కట్టుకుని, గోడకు ఎదురుగా నిలబడి, "ఉళ్ళేన్ అయ్యా" అనేవాడు. ఎవరూ పిలవకపోయినా అనేవాడు. పదిసార్లు, ఇరవైసార్లు, గొంతు పోయేదాకా. అమ్మ అతని కాళ్ళు పట్టుకుని, "నా రాసా, నువ్వు ఉండావు రాసా, ఈడనే ఉండావు" అని ఏడ్చేది. తెలుగు సరిగ్గా రాని అమ్మ ఆ వాక్యం మాత్రం తెలుగులో అనేది, తెలుగులో చెబితే అతనికి అక్కడి వాళ్ళు ఒప్పుకున్నట్టు ఉంటుందనుకుందో ఏమో.

వీధి జనం మాత్రం గొప్ప వైద్యులు. సిలోన్ నుంచి దయ్యాన్ని వెంటబెట్టుకొచ్చారని తేల్చారు. మా ఇంటి ముందు నడవకుండా పిల్లల్ని చుట్టూ తిప్పి పంపారు. అవ్వ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది, తాయెత్తు కట్టించింది. చివరికి మిల్లు డిస్పెన్సరీలో పనిచేసే నర్సమ్మ ఒకావిడ, ఆదివారం ప్రార్థన ముగించుకుని తిన్నగా మా ఇంటికి వచ్చి, అన్న పక్కన నేల మీద కూర్చుంది. అంతకు ముందు మా ఇంట్లో అలా కూర్చున్న బయటివాళ్ళు లేరు. "ఇది గాలీ కాదు ధూళీ కాదు అప్పా. ఒంటికి జరం వచ్చినట్టే మనసుకూ వస్తాది. ఆలస్యం చేస్తే పిల్లోడు దక్కడు. వేలూరుకు పిల్చుకుపో" అని నాయనతో చెప్పింది. ఆ ఊరి మొత్తం మీద నాకు గౌరవం మిగిలిన మనిషి ఆమె ఒక్కతే.

వేలూరులో డాక్టరు తమిళంలో మాట్లాడాడు. చాలా మెల్లగా, తొందర లేకుండా అడిగాడు. అన్న పలకలేదు. బడిలో ఎవరైనా బాధపెడుతున్నారా అని నాయనను అడిగితే, "నాకేం తెల్సు సామీ, నాకు షిఫ్టు" అన్నాడు నాయన. డాక్టరు నా వైపు తిరిగాడు. "నువ్వు అన్న తరగతేనా అమ్మా? అక్కడ అన్నను ఏమని పిలుస్తారు?" అని అడిగాడు. సరిగ్గా అదే అడిగాడు. అన్న తల ఎత్తాడు. కొన్ని వారాల తరువాత మొదటిసారి ఎత్తాడు. నేను నేల మీది నల్లరాళ్ళూ తెల్లరాళ్ళూ చూస్తూ, "పేరు పెట్టే పిలుస్తారు" అన్నాను. డాక్టరు ఏదో రాసుకున్నాడు. మాత్రలు ఇచ్చాడు. మాత్రలు పనిచేశాయి, అన్న నిద్రపోయాడు, అన్నం తిన్నాడు, గోడకు హాజరు చెప్పడం మానేశాడు. బడికి మాత్రం మళ్ళీ పోలేదు. నోటితో మ్యాపులు గీసినవాడు మిల్లులో దూది ఊడ్చాడు, మిల్లు మూతపడ్డాక ఒక గోడౌను గేటు దగ్గర కూర్చున్నాడు. నేను తెలుగు చదివి, తెలుగు టీచరునై, నాలుగు పుస్తకాలు రాసి, తెలుగును ఉద్ధరించినందుకు శాలువాలు కప్పించుకున్నాను.

ఇప్పుడు అన్న తిరుపతిలో నా ఇంట్లోనే ఉంటాడు. రోజూ ఒక మాత్ర వేసుకుంటాడు. నెమ్మదస్తుడు. సన్మానం నుంచి వచ్చిన సాయంత్రం, ఏం జరిగిందని అడిగాడు. నేను మొదలుపెట్టాను. బ్యానరు మీది తప్పును తిట్టాను, చేతులెత్తి నవ్వించిన నిపుణుణ్ణి తిట్టాను, హెడ్మాస్టరును తిట్టాను. అప్పుడు దయ్యమన్నారు, ఇప్పుడు ఒత్తిడి అంటున్నారు, అప్పుడు తాయెత్తు, ఇప్పుడు ఫారం, రెండింట్లోనూ తప్పు పిల్లదీ పిల్ల ఇంటిదీ తప్ప మనది కాదు అని అరిచాను. నా మాట నాకే చాలా బాగా వినిపించింది. ఆ ఊపులోనే, యాభై ఏళ్ళుగా చెప్పనిది చెప్పేశాను. "అన్నా, ఎర్రగడ్డ అని మొదట అన్నది నేను" అన్నాను.

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "తెల్సు వళ్ళీ. నీ యెనక బెంచీలోనే గదా ఉండింటి" అన్నాడు.

"ఎప్పుడూ అడగలేదేం?"

"అడిగేదేముండాది. పన్నెండేండ్ల పిల్లవి. ఆ నవ్వేవోళ్ళలో కలవల్లనుకుంటివి, కలిస్తివి. దానికి నాకేం కోపం లేదు." గ్లాసు కొంచెం పక్కకు జరిపాడు. "వేలూర్లో ఆ డాక్టరు అడిగినాడే, ఏమని పిలుస్తారని. అప్పుడు నువ్వు కిందికి సూసినావు. ఆపొద్దు మాత్రం, ఇంక నా పక్కన యెవరూ లేరని అనుకుంటి."

అతను కోపంగా అని ఉంటే బాగుండేది. బస్సు ఎన్నింటికని అడిగినట్టే అడిగాడు ఆ తరువాతి మాట కూడా.

"ఆ ఒరిస్సా పిల్ల పేరేంది?"

ఆ పిల్ల ఏ తరగతో నాకు తెలుసు. క్యారియర్లో ఏం తెచ్చుకుంటుందో, ఎన్ని నెలలుగా మాట్లాడలేదో తెలుసు. ఏమని వెక్కిరిస్తారో అడిగి మరీ తెలుసుకుని వచ్చాను. పేరు నేను అడగలేదు.